పాత కారుకు ఇంత నీడ కావాలి

పెనుకొండ దగ్గర తయారైన కొత్త కార్లు దేశదేశాలకు వెళ్తున్నాయి. ఆ చుట్టుపక్కలే తాతలనాటి కార్లు రేకుల షెడ్లలో చివికి, చివరకు పాత ఇనుము బేరానికి పోతున్నాయి. నగరాల్లో వింటేజ్ కార్ల ప్రదర్శనలకు జనం ఎగబడుతున్న ఈ రోజుల్లో, కార్ల గడ్డగా పేరు తెచ్చుకున్న మన సీమ తన పాత బండ్లను ఏం చేసుకుంటోంది?

ఆదివారం పొద్దున బెంగళూరు నుంచి లేపాక్షికి వచ్చే బండ్లన్నీ కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగి చిలమత్తూరు దారి పడతాయి. తిరిగే ముందు టీ కోసం ఆగుతాయి. ఎప్పుడో ఒకసారి వాటి మధ్యన ఓ పాత కారు కనిపిస్తుంది. పొడవాటి బానెట్, బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి హెడ్‌లైట్లు, వంపు తిరిగిన మడ్‌గార్డులు, తలుపు కింద నిలబడటానికి ఫుట్‌బోర్డు. ఇంజిన్ వేడెక్కిందని బానెట్ ఎత్తారంటే చాలు, ఐదు నిమిషాల్లో చుట్టూ జనం. పాల క్యాన్ల మోపెడ్ ఆగిపోతుంది. లారీ డ్రైవర్ దిగొచ్చి గేర్లు ఎన్ని అని అడుగుతాడు. పిల్లలు బూరహారన్ నొక్కి చూస్తామంటారు. ఇలాంటి బండి మా ఊరి షావుకారుకు ఉండేదని ఓ పెద్దాయన మొదలుపెడతాడు.

అదే సమయంలో పక్కనే హైవే మీద పొడవాటి ట్రెయిలర్లు పోతుంటాయి. ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీలో తయారైన కొత్త కార్లు వాటిలో రెండు అంతస్తులుగా ఎక్కి ఉంటాయి. వాటివైపు ఎవరూ తల తిప్పరు. అవి మనకు రోజూ కనిపించే సరుకు.

కొత్తదానికి లేని ఆ ఆకర్షణ పాతదానికి ఎక్కడిది? అందం ఒక్కటే కారణం అనుకోను. ఆ కారును చూసినవాళ్లందరికీ ఏదో ఒకటి గుర్తొస్తుంది. పెళ్లి ఊరేగింపు, ఆసుపత్రికి పరుగెత్తిన రాత్రి, ఎన్నికల ప్రచారం, టూరింగ్ టాకీస్ సినిమా. పుస్తకాలకెక్కని మన ఊళ్ల చరిత్రలో కొంత భాగం ఆ రేకు మీద ఉంది. దాన్ని కిలోల లెక్కన అమ్మేస్తున్నాం.

సింహాసనం ఎక్కిన కారు

తెలుగు నేల మీద వింటేజ్ కారు అనగానే ముందు చెప్పాల్సింది హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గురించే. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దీనికి ఆర్డరిచ్చారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టి పంపేసరికి గద్దె మీద ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఉన్నారు. అసఫ్ జాహీల రంగు పసుపు కాబట్టి కారుకూ అదే రంగు. వెనక సీటు మామూలు సీటు కాదు, ఎత్తు చేసి కట్టిన సింహాసనం. అందుకే దీన్ని థ్రోన్ కార్ అన్నారు.

ఇది సిల్వర్ ఘోస్ట్ తరహా బండి. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లు దాటిన ఇంజిన్. ఇప్పుడు పెనుకొండలో తయారయ్యే కియా సెల్టాస్‌లోని లీటరున్నర ఇంజిన్‌కు దాదాపు ఐదింతలు. అంత బలం పెట్టుకుని అది మొత్తం తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. అంటే సుమారు 573 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బయల్దేరి కర్నూలు, అనంతపురం, పెనుకొండ మీదుగా ఒక్కసారి బెంగళూరు చేరితే అయిపోయే దూరం! నూరేళ్లు దాటిన జీవితంలో ఆ కారు నడక అంతే. మిగిలిన కాలమంతా కదలకుండానే గడిపింది. అయినా నిలిచింది. నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా చొరవతో చౌమహల్లాను బాగుచేసి, 2005 నుంచి సందర్శకులకు తెరిచారు. ఆ తర్వాతే మామూలు జనం టికెట్ కొనుక్కుని ఈ కారు ముందు నిలబడగలిగారు.

మన దేశంలో రోల్స్ రాయిస్ పేరు మోగింది 1908లో. ‘పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్’ అని పేరు పెట్టిన సిల్వర్ ఘోస్ట్ బొంబాయి–కొల్హాపూర్ ఘాట్ రోడ్ల పరీక్షలో నెగ్గింది. గ్వాలియర్ మహారాజు దాన్ని కొనేశారు. అక్కణ్నుంచి సంస్థానాధీశుల మధ్య పోటీ మొదలైంది. మన పొరుగున ఉన్న మైసూరు మహారాజుల గ్యారేజీ కూడా ఆ పోటీలో దేశమంతా పేరు మోసింది.

బాక్స్: ఏది వింటేజ్? ఏది క్లాసిక్?

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ 1966లో ఏర్పడింది. దాని లెక్క ప్రకారం...
• 1904 వరకు తయారైనవి: యాన్సెస్టర్
• 1905–1918: వెటరన్
• 1919–1930: వింటేజ్
• 1931–1945: పోస్ట్ వింటేజ్
• ఆ తర్వాతివి యుద్ధానంతర తరగతులు. మాటల్లో వీటినే క్లాసిక్‌లు అంటుంటారు.
• కనీసం 30 ఏళ్లు నిండి, అసలు రూపం చెడకుండా ఉండి, రోజువారీ తిరుగుడుకు వాడనిదే చారిత్రక వాహనం.

సీమకు రోల్స్ రాయిస్ ఎందుకు రాలేదు?

హైదరాబాద్‌లో అన్ని కార్లు, మైసూరులో అన్ని కార్లు. రెండింటి మధ్యనున్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో రాజుల కారు ఒక్కటీ లేదేం అంటే, జవాబు 1800లో ఉంది. ఆ ఏడాది నిజాం తన సైనిక ఖర్చుల కింద ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అలా వదిలేసిన ఈ దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్లను అణచి, రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతి పెట్టాడు. కోస్తాలోలాగా పెద్ద జమీందారీలు ఇక్కడ మిగల్లేదు. రాయలసీమ మొత్తం మీద సంస్థానంగా నిలిచింది బనగానపల్లె ఒక్కటే. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధానిగా వెలిగిన పెనుకొండలో గగన్ మహల్ ఉంది కానీ, మోటారు కార్ల కాలానికి అందులో రాజు లేడు.

అందుకే ఇక్కడికి కారు దర్జాగా రాలేదు, పని మీద వచ్చింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్రీలో కార్లు బిగించడం మొదలుపెట్టాక షెవ్రోలేలు చిన్న పట్టణాలకూ చేరాయి. వ్యాపారులు, డాక్టర్లు, ప్లీడర్లు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు బస్సుల వెనక బొగ్గు పొయ్యి బిగించి, ఆ గ్యాసుతో నడిపారు. బొగ్గు బస్సు ఎక్కినవాళ్లు బట్టలకు మసితో దిగేవాళ్లు. యుద్ధం ముగిశాక జీపులు వచ్చాయి. నల్లరేగడిలో, వంకల్లో, ఇసుకలో దిగబడకుండా పోయే జీపు సీమ నేలకు సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత అంబాసిడర్, ఫియట్.

హిందూపురంలో చింతపండు, బెల్లం వ్యాపారం చేసే షావుకార్ల ఇళ్లముందు, ధర్మవరం పట్టుచీరల వ్యాపారుల ఇళ్లముందు నిలబడ్డవి ఈ బండ్లే. ఊళ్లో ఒకే కారు ఉంటే అది ఆ ఇంటిది మాత్రమే కాదు. కాన్పు కష్టమైతే అదే, పెళ్లికొడుకు ఊరేగింపుకూ అదే. దానికి బాడుగ అడిగితే తప్పుగా చూసేవాళ్లు. రాజుల కార్ల కథలు పుస్తకాలకెక్కాయి. ఈ కార్ల కథలు అవి తెలిసిన మనుషులతోనే పోతున్నాయి. నా మటుకు నాకు రెండోవే ఎక్కువ విలువైనవి.

హిందూపురం మరచిపోని బండి

ఖరీదు లెక్కలో కాకుండా పేరు లెక్కలో చూస్తే తెలుగునాట అన్నింటికన్నా ప్రసిద్ధమైన పాత వాహనం ఎన్టీ రామారావు ‘చైతన్య రథం’. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టాక ఆయన ఓ పాత షెవ్రోలే వ్యాన్‌ను ప్రచార వాహనంగా మార్పించారు. కుమారుడు హరికృష్ణ స్టీరింగ్ పట్టారు. పైన నిలబడి మాట్లాడేందుకు వేదిక, మైకులు. రోడ్డు పక్కనే స్నానం, చెట్టు కింద భోజనం. 1983 జనవరి ఎన్నికల నాటికి రాష్ట్రం మూలమూలనా ఆ వ్యాన్ చక్రాల గుర్తులు పడ్డాయి.

ఆ రామారావునే హిందూపురం 1985, 1989, 1994లో మూడుసార్లు అసెంబ్లీకి పంపింది. 1989లో ఆయన కల్వకుర్తిలో ఓడినా హిందూపురం చేయి వదల్లేదు. ఇక్కడి పాతతరం ఆ వ్యాన్ గురించి మాట్లాడేటప్పుడు అది మోడల్ ఎంత, ఇంజిన్ ఎంత అని చూడరు. ఎక్కడ ఆగిందో, ఎవరు హారతి పట్టారో చెబుతారు. పార్టీ మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఆ వాహనాన్ని తుక్కు చేయకుండా దాచిన పని మాత్రం మెచ్చుకోదగింది. అలా దాచకపోతే తెలుగు రాజకీయ చరిత్రలో ఒక పేజీ చేత్తో తాకి చూసే వీలు పోయేది.

భరణాలు పోయాయి, కార్లు అమ్ముడుపోయాయి

సంస్థానాలు విలీనమయ్యాక రాజులకు ఇస్తున్న భరణాలను 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రద్దు చేశారు. డ్రైవర్లు, మెకానిక్‌లు, పెట్రోలు, ఇంగ్లండ్ నుంచి స్పేర్‌పార్టులు... రాబడి ఆగిన ఇళ్లకు ఇవి పెనుభారం. సింహాసనాల బండ్లు వచ్చిన ధరకు పోయాయి. కొన్ని సినిమా కంపెనీలకు, కొన్ని తుక్కు వ్యాపారులకు. విదేశీ కొనుగోలుదారులు మంచి మంచివి ఏరుకుని పట్టుకుపోయారు. ఆ తరలింపు మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టేసరికి చాలా వరకు దాటిపోయాయి.

మిగిలినవాటిని కాపాడింది అభిమానులే. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964 నుంచి వింటేజ్ కార్ల ర్యాలీ నడుపుతోంది. 2017లో కార్టియర్ సంస్థ తన ‘కాంకూర్ దె ఎలిగాన్స్’ను హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జరిపింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్లు ఆ పాలరాతి మెట్ల ముందు బారులు తీరాయి. ఇలాంటి పోటీల్లో తళతళలకు మార్కులు రావు. బోల్టు తల సహా అన్నీ ఆ ఏడాది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నాయా అని న్యాయనిర్ణేతలు చూస్తారు. అవసరానికి మించి మెరుగులు పెడితే మార్కులు తగ్గుతాయి.

మ్యూజియంలూ పుట్టాయి. కోయంబత్తూరులో జి.డి.నాయుడు ట్రస్టు నడిపే కార్ల మ్యూజియం 2015లో మొదలైంది. ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే సేకరణతో శ్రీరంగపట్నం దగ్గర ‘పయణ’ 2023లో తెరుచుకుంది. హైదరాబాద్‌లో సుధా కార్ల మ్యూజియం ఉంది. అది వింతవింత ఆకారాల్లో తయారుచేసిన బండ్లకు ప్రసిద్ధి. హిందూపురం నుంచి వీటిలో దేనికి పోవాలన్నా పొరుగు రాష్ట్రానికి పోవాల్సిందే.

బాక్స్: చెత్తబండి కథ నిజమేనా?

లండన్ షోరూమ్‌లో అవమానం జరిగిందని అల్వర్ మహారాజు రోల్స్ రాయిస్‌లతో చెత్త ఊడ్పించాడన్న కథ ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. ఇదే కథ వేరే రాజుల పేర్లతోనూ వినిపిస్తుంది. వినడానికి బాగున్నా, దీనికి గట్టి ఆధారం బయటపడలేదు.

లేత్ మీద చరిత్ర

పాత కారుకు ప్రాణం పోయడం డబ్బుతో మాత్రమే అయ్యే పని కాదు. ఆనాటి కోచ్‌బిల్డర్లు లోపల చెక్కతో చట్రం కట్టి, పైన రేకు పరిచేవారు. షెడ్డులో ముప్పై ఏళ్లు పడుంటే చెక్కను చెదలు తింటాయి, వైర్లను ఎలుకలు కొరుకుతాయి, పిస్టన్లు బిగుసుకుంటాయి. పార్టు ఎక్కడా దొరకదు. పాతదాన్ని నమూనాగా పెట్టుకుని ఇసుక అచ్చులో పోత పోయించి, లేత్ మీద తిప్పించాలి. వడ్రంగి, టింకర్, పెయింటర్, సీటు కుట్టేవాడు, నికెల్ పూత వేసేవాడు ఒకేచోట కూర్చోవాలి.

ఈ చేతులు మన ఊళ్లలో ఉన్నాయి. కార్బొరేటర్‌ను చెవితో ట్యూన్ చేసే మేస్త్రీ, కాంటాక్ట్ పాయింట్ల సందును బ్లేడు ముక్క పెట్టి సరిచూసే మెకానిక్, వంగిన మడ్‌గార్డును సుత్తి దెబ్బలతో మళ్లీ వంపులోకి తెచ్చే టింకర్ హిందూపురం, ధర్మవరం షెడ్లలో ఇంకా కనిపిస్తారు. చాలామందికి అరవై దాటాయి. స్కానర్ పెట్టి లోపం చదివే కొత్త కార్లకు వాళ్ల చెవి అక్కర్లేదు. వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లూ లేరు, ఎందుకంటే ఫ్యాక్టరీ జీతం నెల తిరిగేసరికి వస్తుంది. కుర్రాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ మేస్త్రీలు పోయాక ఆ విద్యను ఏ ఐటీఐ నేర్పుతుంది? ఒక్క కారును బాగుచేయడమంటే ఓ పదిమంది ముసలి చేతులకు మళ్లీ పని దొరకడం.

ధర్మవరం నేతగాళ్లకూ ఇందులో చోటుంది. రాజుల కార్లలో సీట్లకూ తెరలకూ పట్టు, జరీ వాడిన రోజులున్నాయి. భౌగోళిక గుర్తింపు ఉన్న ధర్మవరం పట్టు, ఒక పాత కారు లోపల పరుచుకుంటే దానికి మించిన అలంకరణ ఏముంటుంది?

నడి వయసే గండం

ఇక అసలు చిక్కు. అంతర్జాతీయంగా 30 ఏళ్లకే చారిత్రక వాహనం అవుతుంటే, మన చట్టం 50 ఏళ్లు నిండాలంటోంది. కారుకు 15 ఏళ్లు దాటగానే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, ఫిట్‌నెస్ మొదలవుతాయి. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో ఆ రుసుములు ఇంకా పెంచారు. కాలుష్యం సంగతి తేలిగ్గా తీసేయలేం. రోజూ పొగ కక్కుతూ తిరిగే పాత బండిని రోడ్డు మీంచి తప్పించాల్సిందే. కానీ ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీసి, కడిగి, మళ్లీ కవరు కప్పే కారును కూడా అదే గాటన కట్టడం ఏం న్యాయం?

1990ల అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మొదటితరం మారుతి 800 ఇప్పుడు సరిగ్గా ఆ నడుమ చిక్కుకున్నాయి. పద్మిని తయారీ ఆగిపోయి పాతికేళ్లవుతోంది. అంబాసిడర్ 2014 మేలో ఆగింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన తొలి మారుతికి 50 ఏళ్లు నిండేది 2033లో. అప్పటిదాకా ఎన్ని మిగులుతాయి? ఇవి లక్షల్లో ఉండేవి కాబట్టే వీటిని దాచాలని ఎవరికీ తోచదు. సిల్వర్ ఘోస్ట్‌లు మొత్తం తయారైనవి 7,874. వాటిలో మిగిలిన ప్రతిదానికీ కాపలా ఉంది. లక్షల్లో పుట్టిన అంబాసిడర్‌కు లేదు.

బాక్స్: వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇలా...

• 2021 జులైలో కేంద్రం నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని కార్లు, ద్విచక్ర వాహనాలు అర్హమైనవి. మైసూరులో తయారైన పాత జావాలకూ, పాత బుల్లెట్లకూ ఇది వర్తిస్తుంది.
• దరఖాస్తు పరివాహన్ పోర్టల్‌లో. రాష్ట్ర కమిటీ పరిశీలిస్తుంది.
• కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పునరుద్ధరణకు రూ.5,000. పదేళ్లు చెల్లుతుంది.
• ఇదివరకే నంబరున్న బండికి ఆ పాత నంబరే ఉంటుంది. కొత్తగా రిజిస్టరయ్యేవాటికి ‘వీఏ’ సిరీస్.
• ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, ఇంధనం కోసం మాత్రమే రోడ్డెక్కాలి. కిరాయికి తిప్పకూడదు.

ఆ చివరి నిబంధన దగ్గరే చిన్న యజమానికి ఇబ్బంది. నగరంలో పది కార్ల సేకరణకర్తకు డబ్బుకు కొదవ లేదు. మడకశిరలోనో పెనుకొండలోనో తాత కారును దాచుకున్న టీచరుకు టైర్ల ఖర్చు ఎక్కణ్నుంచి వస్తుంది? ఏడాదికి కొన్ని పెళ్లిళ్లకు, సినిమా షూటింగులకు ఇచ్చుకునే వీలు కల్పిస్తే ఆ కారు తన ఖర్చు తాను సంపాదించుకుంటుంది.

పెనుకొండలోనే ఎందుకు?

2017 ఏప్రిల్‌లో కియాతో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాల్లో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టు 8న తొలి సెల్టాస్ బయటికొచ్చింది. 2023 జులైకి పది లక్షల కార్లు దాటాయి. కరవుకూ వలసకూ పేరుపడ్డ ప్రాంతానికి ఇది చిన్న మార్పు కాదు. హోటళ్ల బోర్డుల మీద కొరియన్ అక్షరాలు వచ్చాయి. ఊళ్లలో కౌలుకు ఇచ్చిన భూముల్లో గెస్ట్‌హౌస్‌లు లేచాయి. ఆ కియా కూడా 1944లో సైకిల్ భాగాలు, ఉక్కు గొట్టాలు చేసుకుంటూ మొదలైన సంస్థే. తన చరిత్రను అది భద్రంగా దాచుకుంటోంది. మనం దాచుకోవద్దా?

శ్రీ సత్యసాయి జిల్లాకు యాత్రికుల కొరత లేదు. పుట్టపర్తి, లేపాక్షి, పెనుకొండ కోట, బాబయ్య దర్గా... అన్నీ ఒక రోజు ప్రయాణంలో చుట్టిరాగలిగేవి. హైవే పక్కన ఓ పెద్ద షెడ్డు చాలు. బొగ్గు బస్సు నమూనా, విల్లీస్ జీపు, షావుకారు షెవ్రోలే, అంబాసిడర్, పద్మిని, మారుతి, చివర్న తొలి సెల్టాస్. పక్కనే పాత మేస్త్రీలు పనిచేసే గ్యారేజీ, అందులో నేర్చుకునే ఐటీఐ పిల్లలు. ఏడాదికోసారి లేపాక్షి నంది దాకా పాత కార్ల ర్యాలీ. ప్రభుత్వం స్థలం ఇవ్వాలి, కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల్లోంచి కొంత తీయాలి. రెండూ అసాధ్యం కావు.

అంతవరకూ ఆగకుండా మీరు చేయగలిగిందీ ఉంది. మీ ఇంటి వెనక షెడ్డులో పాత కారో, జీపో, జావానో ఉంటే ఈ వారమే కవరు తీసి చూడండి. ఆర్‌సీ పుస్తకం వెతికి భద్రం చేయండి. ఆ బండిని ఎవరు, ఎప్పుడు, ఎంతకు కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. 50 ఏళ్లు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయండి. దాటకపోతే ఇంకొన్నేళ్లు ఓపిక పట్టండి. తుక్కు బేరగాడు చెప్పే ధరకు మాత్రం ఇవ్వకండి.